వీలుకప్‌లో నేను రాయని మాట

కరోనా రెండోసారి విరుచుకుపడిన ఎండాకాలంలో చిక్కబళ్లాపురంలో ఒక హాస్టల్‌ను కోవిడ్ కేంద్రంగా మార్చారు. చింతామణిలో పిల్లలకు కంప్యూటర్ నేర్పే నన్ను అక్కడ ఫోన్ల దగ్గర కూర్చోబెట్టారు. లోపలికి ఎవర్నీ రానిచ్చేవాళ్లు కాదు. ఇంటివాళ్లు ఫోన్ చేసి రోగి నంబరు చెబితే, ఆ మనిషి ఎట్లున్నారో నేను చెప్పాలి.

మొదటి రెండు రోజులు కాగితాలు తిరగేశాను. అవతల ఏడుస్తా కాచుకుని ఉండేవాళ్లు. మూడో రోజు ఎక్సెల్‌లో వీలుకప్ ఫార్ములా పెట్టుకున్నాను. నంబరు కొడితే చాలు, పట్టికలో వెదికి ఆ వరుసలోని పరిస్థితి చూపిస్తుంది. నర్సులు మెచ్చుకున్నారు. నాకూ లోలోపల గర్వంగానే ఉండింది.

ఒక పొద్దున బాగేపల్లి దగ్గరి పల్లె నుంచి ఒకామె ఫోన్ చేసింది. నాలుగు రోజులుగా చేస్తున్న మనిషే, గొంతు గుర్తుపట్టాను.

"అమ్మా, మా నాయన ఎట్లుండాడమ్మా?"

నంబరు కొట్టాను. డిశ్చార్జ్ అని వచ్చింది.

"ఇంటికి పిల్చుకుపోవచ్చమ్మా" అన్నాను.

నవ్విందో ఏడ్చిందో తెలీలేదు. "మా యమ్మకు చెప్పల్ల" అని ఫోన్ పెట్టేసింది.

మధ్యాహ్నానికి తమ్ముడి బండి మీద వచ్చింది. చేతిసంచిలో ఉతికిన పంచె, చొక్కా. గేటు దగ్గర కూర్చోమని, లోపలికి పోయి నర్సును అడిగాను. ఆమె నా ముఖం చూసి, "ఆ తాత తెల్లారుజామున పోయాడు కదా" అంది.

పోయినవాళ్ల నంబర్లు ఆ పట్టికలోంచి తీసి వేరే షీట్‌లో వేసేవాళ్లం. ఫార్ములా చివర 'ఫాల్స్' అని రాస్తే, లేని నంబరును లేదనే చెబుతుంది. రాయకపోతే దానికి ముందున్న నంబరును పట్టుకుంటుంది. నేను రాయలేదు. ఇంకెవరో కోలుకుంటే ఆ మాట ఈయనకు అంటగట్టాను. పిల్లలకు నేర్పేదాన్ని, తెలియక కాదు. తొందరలో వదిలేశాను.

గేటు దగ్గరికి పోయి ఉన్నది ఉన్నట్టు చెప్పాను. తప్పు నాదేనన్నాను. అరుస్తుందనుకున్నాను. సంచి ఒళ్లోకి తీసుకుంది.

"మా యమ్మ సంగటి చేసి వాకిట్లో కూచోనుండాది. ఆయమ్మకు ఏమని చెప్పల్ల?"



సంచి నా వైపు జరిపింది. "ఈ బట్టలన్నా కట్టనిస్తారామ్మా?"

కట్టనివ్వరు. అదీ నేనే చెప్పాల్సి వచ్చింది.

నెల తర్వాత ఉండబట్టలేక ఆమెకు ఫోన్ చేశాను. నేను ఎవరో చెప్పగానే గుర్తుపట్టింది.

"నీ మీద కోపం లేదమ్మా. అయితే నీ గొంతు ఇంటే, మా నాయన ఇంటికొస్తాండాడనే అనిపిస్తాది. ఇంగ చెయ్యొద్దు" అంది.

మళ్లీ చేయలేదు. ఆ నంబరు ఫోన్‌లోంచి తీసేయడానికి మాత్రం ఇప్పటికీ చెయ్యి రాలేదు.