నా చేత్తో నేనే రద్దు చేసిన గది

అది 2024. దుబాయ్‌లోని కరామాలో, ఒకపక్క ఆంధ్రా మెస్సు, మరోపక్క టైలరింగ్ షాపు ఉన్న పాత భవనం కింద మా ట్రావెల్ ఆఫీసు. నాది జగిత్యాల దగ్గర ఒక ఊరు. అప్పటికి పదకొండేళ్ళుగా అక్కడ వీసా ఫైళ్ళు చూస్తున్నాను. చైనా ఫైలు ఏదొచ్చినా నా బల్ల మీదికే. టైల్సుకీ, మొబైల్ కవర్లకీ, ఆట బొమ్మలకీ వెళ్ళే వ్యాపారులను ఎందరినో పంపాను. ఒక్కరు కూడా ఇబ్బంది పడి నాకు ఫోన్ చేయలేదు. ఈ మాట అడగనివాళ్ళకు కూడా చెప్పుకునేవాణ్ణి.

ట్రావెల్ ఏజెంటంటే టికెట్లు అమ్మేవాడనుకుంటారు. టికెట్లు ఇప్పుడు ఎవరి ఫోనులో వాళ్ళే కొనుక్కుంటున్నారు. మాకు మిగిలింది ఫైలు కట్టడం. ఆహ్వాన పత్రం, ఫోటో, ఎమిరేట్స్ ఐడీ నకలు, టికెట్ కాగితం, హోటల్ కాగితం, అన్నీ వరసగా పేర్చి వీసా సెంటర్లో వంక పెట్టడానికి వీల్లేకుండా ఇవ్వాలి. ఇందులో హోటల్ కాగితానికి మా వాళ్ళ అలవాటు ఒకటుంది. వీసా వస్తుందో రాదో తెలియకుండా ఎవరూ గది ఖాయం చేసుకోరు. అందుకని ఉచితంగా రద్దు చేసుకునే వీలున్న గదిని ఫైలు కోసం బుక్ చేస్తాం. దాన్ని డమ్మీ అంటాం. దొంగ కాగితమేం కాదు, నిజం బుకింగే, కాకపోతే ఆయుష్షు తక్కువ. వీసా పడగానే దాన్ని రద్దు చేస్తాం. ప్రయాణికుడు మన తిండి దొరికే వీధిలో తనకు నచ్చిన గది చూసుకుంటాడు. అలాంటి ఫైలు అట్ట మీద పెన్సిలుతో 'డి' అని రాసుకోవడం నా పద్ధతి.

ఆగస్టులో ఒక శనివారం గ్రేస్ సుజాత గారు వచ్చారు. అల్ ఐన్‌లో ఒక ఆసుపత్రిలో నర్సు. నర్సాపురం పక్కన పల్లె. అల్ ఐన్ నుంచి రెండు గంటలు బస్సులో వచ్చి, వచ్చీ రాగానే సంచిలోంచి ప్లాస్టిక్ కవరు తీసి బల్ల మీద పెట్టారు.

"చైనా అండి. వ్యాపారానిక్కాదండి, నర్సుల కాన్ఫరెన్సుకి. గ్వాంగ్‌జౌ అంట. పలకడం కూడా సరిగ్గా రాట్లేదండి నాకు."

"ఏం పర్వాలేదక్కా, టాక్సీ వాళ్ళకు మనం పలికేది ఎట్లాగూ అర్థం కాదు. చైనీసు అక్షరాల్లో అడ్రసు కాగితం నేనిస్త గదా," అన్నాను.

కవరులో కాన్ఫరెన్సు వాళ్ళ వెబ్‌సైటు నుంచి ప్రింటు తీసిన 'ప్రయాణం, బస' అనే పేజీలు నాలుగున్నాయి. విమానాశ్రయం నుంచి ఏ మెట్రో ఎక్కాలి, ఏ గేటు దగ్గర దిగాలి, ఏయే హోటళ్ళు దగ్గర, అన్నీ రాసి ఉన్నాయి. ఆవిడ వాటిని పరీక్షకు చదివినట్టు చదివి రంగు పెన్నులతో గీతలు గీశారు. ఇరవై రెండేళ్ళ సర్వీసులో తన పేరు మీద ఒక పేపరు చదవడం ఇదే మొదటిసారట. ఆసుపత్రి వాళ్ళు సెలవు ఇచ్చింది ఐదు రోజులు. ఇండియాకు తప్ప ఇంకో దేశానికి ఒంటరిగా వెళ్ళింది లేదు.

నేను అందరికీ చెప్పే పాఠం చెప్పాను. అక్కడ మన యాప్‌లు తెరుచుకోవు, కాబట్టి ఇక్కడి సిమ్ మీదే రోమింగ్ వేయించుకోవాలి. నోట్లు తీసుకోరని కాదు, చిల్లర ఇవ్వడానికి విసుక్కుంటారు, అందుకని అక్కడి పేమెంట్ యాప్‌లో కార్డు ముందే ఎక్కించుకోవాలి. విదేశీయులు ఎక్కడ దిగారో పోలీసులకు తెలపాలి. ఆ పని హోటల్ వాళ్ళే చేస్తారు గనక పాస్‌పోర్టు అడిగితే భయపడకుండా ఇవ్వాలి. ఆవిడ అన్నీ రాసుకున్నారు.

ఫైలు కోసం కాన్ఫరెన్సు హాలు ఎదురుగా ఉన్న హోటలే బుక్ చేశాను. డమ్మీ సంగతి చెబుతుంటే మధ్యలోనే ఆపారు.

"అమ్మో, రద్దు చెయ్యొద్దండి. నాకు ఇదే కావాలి. రోడ్డు దాటితే హాలండి. అదే ఉంచేయండి."

"సరే అక్కా, గట్లనే ఉంచుత."

ఆ మాట అనేటప్పటికే అట్ట మీద 'డి' రాసి ఉంది. తుడవాలి. రబ్బరు కోసం సొరుగు లాగాను. ఇంతలో ఫోన్ మోగింది. ముసఫ్ఫాలో గ్యారేజీ నడిపే పాత పార్టీ, తన వీసా ఏమైందని అరుస్తున్నాడు. ఆ అరుపుల మధ్యే మర్యాద కోసం ఆవిణ్ణి, "మీ పేపరు దేని గురించి అక్కా?" అని అడిగాను. "వార్డులో జరిగే పొరపాట్ల మీదండి," అంటూ ఏదో చెప్పారు. నేను తల ఊపాను గానీ వినలేదు. సొరుగు మూశాను. రబ్బరు సొరుగులోనే ఉండిపోయింది.

సెప్టెంబరు చివర్లో వీసా పడింది. పాస్‌పోర్టు, కాగితాలు అన్నీ కొరియర్లో అల్ ఐన్‌కు పంపేశాను. ఆ సాయంత్రం వీసా పడిన ఫైళ్ళన్నీ ముందేసుకుని, 'డి' ఉన్నవాటి బుకింగులు ఒక్కొక్కటీ రద్దు చేశాను. వాటిలో ఆవిడదీ ఉంది. అలవాటులో పొరపాటు అంటారే, అదే. పేరు కూడా చూడలేదు, అక్షరం చూశాను.

అక్టోబరు మూడో వారంలో ఆవిడ బయలుదేరారు. మర్నాడు మధ్యాహ్నం పన్నెండున్నర, నేను మెస్సుకు వెళ్దామని లేస్తుంటే ఫోన్ వచ్చింది. చైనాలో అప్పటికి సాయంత్రం నాలుగున్నర.

"శ్రీను గారూ, ఈ అమ్మాయి నా పేరు లేదంటందండి. కాగితం చూపిస్తన్నా గదా, ఇదిగో నంబరు, ఇదిగో తారీకులు. ఫోన్లో ఏదో నొక్కి చూపిస్తంది, గదుల్లేవు అని ఇంగ్లీషులో వస్తంది. నేను కదలనని చెప్పానండి. నా గది నాకిచ్చేదాకా ఇక్కడే కూచుంటాను!"

వెనకాల చైనీసు మాటలు వినబడుతున్నాయి. "ఐదు నిమిషాలు ఆగక్కా, నేను చూసి చేస్త," అని పెట్టేశాను.

కంప్యూటర్లో చూశాను. రద్దు అని ఉంది. రద్దు చేసినవారు అన్నచోట నా పేరు. ఫైలు బయటికి తీస్తే అట్ట మీద 'డి' చక్కగా గుండ్రంగా నన్నే చూస్తోంది. పదకొండేళ్ళు గొప్పలు చెప్పుకున్నందుకు మంచి శాస్తి అనిపించింది. అదే గదిని మళ్ళీ బుక్ చేద్దామని చూస్తే లేదు. ఆ వారమే ఆ ఊళ్ళో పెద్ద వర్తక ప్రదర్శన. నేనే పంపిన వ్యాపారులు నలుగురు ఊరి అవతలి గదుల్లో సర్దుకున్నారు. మరునాడు పొద్దున తొమ్మిదింటికి ఆవిడ పేపరు. ముక్కూ మొహం తెలియని ఊళ్ళో ఒంటరి ఆడమనిషి, చేతిలో నేనిచ్చిన చెల్లని కాగితం.

మా ముదీర్, అంటే మేనేజరు, బషీర్ సాబ్ కేరళ మనిషి, గాజు తలుపు వెనక కూర్చుంటారు. వెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయన పెద్దగా కంగారు పడలేదు.

"హోటల్ వాలే నే ఓవర్‌బుక్ కర్ దియా, ఐసా బోల్ దో. ఖలాస్."

అంటే, ఉన్న గదులకంటే ఎక్కువ మందికి ఇచ్చేశారని తప్పు హోటల్ మీదికి నెట్టేయమని. మా పనిలో అందరూ చెప్పే మాటే. నేనూ ఇంతకుముందు వేరేవాళ్ళకు చెప్పాను, దాచడం ఎందుకు. చెబితే ఆవిడ నమ్ముతారు కూడా. కానీ ఆ మాట నోట్లో తిప్పుకుని చూస్తే ఒకటి తట్టింది. హోటల్‌దే తప్పంటే ఆవిడ ఆ కుర్చీలోంచి లేవరు. రాని గది కోసం పొద్దుపోయేదాకా ఆ పిల్లతో పోట్లాడుతూనే ఉంటారు. తర్వాత ఎక్కడికి పోతారు?

ఫోన్ చేశాను.

"అక్కా, హోటల్ వాళ్ళ తప్పేం లేదు. తప్పు నాది. మీరు వద్దన్నా ఆ గది నేనే క్యాన్సిల్ చేసిన. వేరే వాళ్ళ ఫైళ్ళతోని కలిపి చూడకుండ చేసేసిన. మీ చేతుల ఉన్న కాగితం పనికిరాదు."

తిడతారని ఎదురుచూశాను. తిడితే బాగుండుననిపించింది.

"అంటే, ఈ అమ్మాయి తప్పేం లేదన్నమాట," అన్నారు చివరికి.

"లేదక్కా."

"అయ్యో, అనవసరంగా దాని మీద అరిచానండి."

ఫోన్ పెట్టలేదు. "సారీ మా, సారీ. హోటల్ మిస్టేక్ నో. మై ఏజెంట్ మిస్టేక్," అని ఆవిడ చెప్పడం నాకు వినబడుతోంది. తర్వాత కుర్చీ లాగిన చప్పుడు. కాసేపటికి ఆవిడే, "వేడినీళ్ళిచ్చిందండి తాగమని. ఇప్పుడేం చేద్దాం చెప్పండి," అన్నారు. ఆ 'చేద్దాం' అన్న మాటకు నాకు ప్రాణం లేచొచ్చింది. నన్ను ఇంకా తన వైపు మనిషిగానే లెక్కేస్తున్నారు.

హోటళ్ళన్నీ వెతికాను. దొరికినవి గంటన్నర దూరంలో ఉన్నాయి. అప్పుడు ఫైల్లో ఉన్న ఆ 'ప్రయాణం, బస' పేజీల నకలు బయటికి తీశాను. అలాంటి పేజీల్లో నేను చూసేది హోటల్ పేరు, తారీకులు, అంతే. నాలుగో పేజీ అడుగున ఏముందో ఎన్నడూ చదవలేదు. అక్కడ చిన్న అక్షరాల్లో, ఆవిడ రంగు గీతలు కూడా చేరనిచోట, రెండు వాక్యాలున్నాయి. పేపరు చదవడానికి వచ్చేవారికి బస ఇబ్బంది అయితే విశ్వవిద్యాలయం అతిథి గృహంలో కొన్ని గదులు అట్టేపెట్టామని, ఫలానా నంబరుకు ఫోన్ చేయమని. కింద అదే మాట చైనీసులో.

దాని ఫోటో తీసి పంపాను. "అక్కా, ఇది ఆ అమ్మాయికి చూపియ్యండి. ఆమెతోనే ఫోన్ చేయించండి. మన ఇంగ్లీషు కన్నా ఆమె చైనీసు జల్ది పని చేస్తది."

ఆ అమ్మాయి చేసింది. కాసేపటి క్రితం తన మీద అరిచిన మనిషి కోసం, తన ఫోన్ నుంచి, ఒకటికి మూడుసార్లు చేసిందట. మొదటి రెండుసార్లు ఎవరూ ఎత్తలేదు. ఆ నలభై నిమిషాలు నేను బల్ల ముందు కూర్చుని ఒక్క పనీ చేయలేదు. వచ్చినవాళ్ళను తర్వాత రమ్మన్నాను. బషీర్ సాబ్ రెండుసార్లు తలుపు తీసి చూశారు, మళ్ళీ మూశారు.

తర్వాత ఫోటో వచ్చింది. రెండు మంచాల గది, కెటిల్, కిటికీ అవతల చెట్లు. కింద ఆవిడ వాయిస్ మెసేజ్.

"ఎవరో లెక్చరరమ్మ వచ్చి తీసుకొచ్చిందండి. పాస్‌పోర్టు చూసుకుని పోలీసుల కాగితం కూడా వాళ్ళే రాసుకున్నారు. హాలు ఇక్కణ్ణించి పది నిమిషాల నడకంట. ఇక మీరెళ్ళి అన్నం తినండి."

నేను తినలేదని ఆవిడకు ఎలా తెలిసిందో తెలియదు. అప్పటిదాకా తెలియని ఆకలి ఒక్కసారిగా తెలిసింది. మెస్సులో అన్నం అడుగంటే సమయానికి వెళ్ళి, ముద్దపప్పు రెండోసారి అడిగి వేయించుకున్నాను. అంత రుచిగా ఆ మెస్సు పప్పు ముందెప్పుడూ లేదు, తర్వాతా లేదు. తింటుంటే కళ్ళలో నీళ్ళు తిరిగాయి. వడ్డించే ఆయన ఆవకాయ కారమనుకున్నాడు.

ఆ రోజు నుంచి అట్ట మీద గుర్తులు మానేశాను. రద్దు చేసే ముందు ప్రయాణికుడికి ఫోన్ చేసి, అడిగాకే చేస్తాను. బయలుదేరే రెండు రోజుల ముందు హోటల్‌కు ఒక మెయిలు పెట్టి పేరుందో లేదో కనుక్కుంటాను. కాన్ఫరెన్సులకు వెళ్ళేవాళ్ళు తెచ్చే పేజీలు అడుగు దాకా చదువుతాను. ఇవన్నీ పద్ధతులు, ఎవరైనా నేర్చుకోవచ్చు. నాకు కష్టమైంది ఆ రోజు చెప్పిన మూడు మాటలు, 'తప్పు నాది అక్కా' అన్నవి. అవి ముందే చెబితే ఎదుటివాళ్ళకు దారి వెతుక్కునే సమయం మిగులుతుంది. ఇది నన్ను నేను ఊరడించుకోవడానికి చెప్పేది కాదు, కళ్ళతో చూశాను.

నవంబరులో ఒక శనివారం సుజాత గారు మళ్ళీ వచ్చారు. ఊరికి టికెట్ కావాలట. అల్ ఐన్ ఖర్జూరాల డబ్బా ఒకటి బల్ల మీద పెట్టారు. నాకు సిగ్గేసింది.

"అక్కా, ఈ గల్లీల ఇంతమంది ఏజెంట్లున్నరు. నేను గంత పని చేసినంక కూడా మళ్ళ నా దగ్గరికే వచ్చిన్రేంది?"

"తప్పు చెయ్యనోళ్ళు ఎక్కడుంటారు తమ్ముడూ? చేసి చెప్పేవోళ్ళు దొరకడం కష్టం గానీ," అన్నారు. నన్ను తమ్ముడూ అని పిలవడం అదే మొదటిసారి. "ఆ రోజు నా పేపరు దేని గురించని అడిగారు, గుర్తుందా? మీరు ఫోన్లో ఉన్నారు, విన్లేదని నాకు తెల్సులెండి."

"పొరపాట్ల గురించి అన్నట్టున్నరు."

"ఆయ్. నర్సు తప్పు మందిస్తే వెంటనే చెప్పాలి. భయపడి దాస్తే, డాక్టరు దేనికి వైద్యం చెయ్యాలో తెలీక రోగి పోతాడు. పేపరంతా అదే. కానీ మొదలెట్టడం ఎలాగో తెలీక నెల్రోజులు కొట్టుకున్నానండి. ఆ పొద్దున స్టేజీ ఎక్కి, మీ కతే చెప్పాను. నా ఏజెంటు గది రద్దు చేశాడు, కాసేపట్లోనే ఫోన్ చేసి తప్పు నాదన్నాడు, అందుకే నేనిక్కడ నిలబడ్డాను అని. హాలంతా ఒకటే నవ్వులు, చప్పట్లు."

అంతమంది ముందు మా ఆఫీసు పరువు ఏమైందో!

"నా పేరు గిట్ల చెప్పిన్రా ఏంది?"

ఆవిడ పాస్‌పోర్టు నా ముందుకు జరిపి నవ్వారు.

"నర్సులం కదా తమ్ముడూ. రోగి పేరు బయటికి చెప్పం."