సిరిసిల్ల వదిలేసిన గోల్‌కీపర్

ఆ రోజుల్లో ఆడపిల్లలకు నెల జీతమిచ్చి ఫుట్‌బాల్ ఆడించేవాళ్లు ఉండేవారంటే ఇప్పటి పిల్లలు నమ్మరు. ఉండేవారు. సిరిసిల్లలో ఒక మగ్గాల సేటు, కోరుట్లలో ఒక బట్టల షాపాయన పంతానికి పోయి చెరో జట్టు నడిపేవారు. "సిరిసిల్ల స్టార్ గోల్‌కీపర్‌ను మనోళ్లు పెండ్లి చేసి ఎత్తుకచ్చిండ్రు" అని మా అత్తగారింట్లో ప్రతి శుభకార్యానికీ ఎవరో ఒకరు చెబుతారు. అందరూ నవ్వుతారు. ఇంతకాలం నేనూ నవ్వాను. ఇక నావల్ల కాదు. స్టారూ లేదు, ఎత్తుకురావడమూ లేదు. ఆ వేసవిలో నేను సిరిసిల్ల జట్టు వద్దనుకున్న మనిషిని.

ఎండాకాలం మ్యాచ్‌లు ఉండేవి కావు. ఎవరిని ఉంచాలో, ఎవరిని పంపాలో, కొత్తగా ఎవరిని తేవాలో మా కోచ్ సారు ఆ రెండు నెలల్లోనే తేల్చేవారు. (పెళ్లి ముహూర్తాలూ అప్పుడే కాబట్టి ఆయనకు ఎదుటి జట్టుకన్నా పురోహితుడంటేనే ఎక్కువ భయం. ఆ ఏడు అప్పటికే ఇద్దరు డిఫెండర్లు పుస్తె కట్టించుకుని వెళ్లిపోయారు.) డిగ్రీ చివరి పరీక్ష రాసి గ్రౌండ్‌కు వెళితే సారు నన్ను పక్కకు పిలిచారు. "జగిత్యాల నుంచి కొత్త కీపర్ అస్తుంది బిడ్డా. నిన్ను తీసేస్తున్న. జూన్‌ల లిస్టు అంటిస్తా, అప్పటిదాంక ఎవ్వలకు చెప్పకు." "నేనేం చేసిన సార్?" "బంతిని ఆపుమంటే రెఫరీని ఆపుతవ్. ఆఖరి మ్యాచ్‌ల నువ్వు గాయనతోని లొల్లి పెట్టుకునేసరికి రెండు గోల్స్ అయినయ్." "గా రెండూ ఆఫ్‌సైడే సార్!" "సూడు, మల్లా షురూ చేసింది."

ఆఫ్‌సైడే. ఇప్పటికీ అదే అంటాను. కానీ ఇంటికెళ్లి గ్లవ్స్ ముఖానికి అడ్డం పెట్టుకుని ఏడ్చాను. మా వాడలో నేను నోరు తెరిస్తే 'ఆడిపిల్లకు గింత నోరా' అనేవారు. గోల్ పోస్టుల మధ్య నిలబడి అరిస్తే మాత్రం దాన్ని ఆట అనేవారు. నాకు దక్కిన ఆ ఒక్క చోటూ పోయింది.

సరిగ్గా నాలుగో రోజు కోరుట్ల షాపాయన తన మేనల్లుడికి నన్ను అడగడానికి మా ఇంటికి వచ్చాడు. ఆ అబ్బాయినీ, వాళ్లమ్మ అయిన తన అక్కనూ వెంటబెట్టుకుని మరీ. పెద్ద మనుషులతో మాట్లాడటం రాక మా బాపు సారును పిలిపించాడు. "పిల్లగాడు కరెంటు ఆఫీసుల చేస్తడు. ఈమె మా దిక్కు ఒక్క ఏడు ఆడితే సాలు, తర్వాత ఇల్లు సూసుకుంటది" అన్నాడు షాపాయన. సారు చాయ్ గ్లాసు కింద పెట్టారు. "మా కీపర్‌ను ఇచ్చేది లేదు." బాపు బిత్తరపోయాడు. నేను చాయ్ పళ్లెం పట్టుకుని అక్కడే నిలబడ్డాను. "మరి ఏం జేస్తే ఇస్తరు సారూ?" అని షాపాయన బతిమాలాడు. "ఏడాది ఆడిపిచ్చి పొయ్యికాడ కూసోవెడ్తరా? అది ఆడుతనన్నన్ని రోజులు ఆడనియ్యాలె. గా మాట నువ్వు అనుడు కాదు, మీ అక్కతోని అనిపియ్యి." అక్కగారు నన్నూ, పళ్లేన్నీ చూసి, "సరే, ఆడనీ. నా మనుమలను గూడ చూసుకోవాలె మల్ల" అన్నారు.

'నన్ను ఆయన మొన్ననే తీసేశారు' అన్న మాట నా నాలుక చివరిదాకా వచ్చింది. సారు నావైపు ఒక్క చూపు చూశారు. నా జీవితంలో నేను నోరు మూసుకున్న రోజంటూ ఉంటే అదొక్కటే. (అబ్బాయి నచ్చాడా అని మీరు అడగరేం? నచ్చాడు. ఆ మ్యాచ్ చూశాడట. ఆ రెండూ ఆఫ్‌సైడే అన్నాడు.)

కోరుట్ల తరఫున నా మొదటి మ్యాచ్ సిరిసిల్లతోనే. ఐదు గోల్స్ వదిలాను. "గీమెనా సారూ, నువ్వు ఇయ్యనంటే ఇయ్యనన్నది?" అని షాపాయన లబలబలాడాడు. "మీ అక్క ఇచ్చిన మాట ఇచ్చిందే షావుకారూ" అని సారు దర్జాగా బస్సెక్కారు. మాట నిలబెట్టింది మాత్రం మా అత్తమ్మే. నాకు బిడ్డ పుట్టాక, ఆ బిడ్డను ఒళ్లో పెట్టుకుని గ్రౌండ్ అంచున కూర్చునేది. రెండో ఏటికల్లా రెఫరీని తిట్టడంలో నన్ను మించిపోయింది. జట్టు మూతపడేదాకా ఆడాను. తర్వాత ఇన్నేళ్లుగా బడిలో ఆడపిల్లలతో ఫుట్‌బాల్ ఆడిస్తున్నాను. ఈ బతుకంతా ఆ చాయ్ పూట ఇద్దరు పెద్దవాళ్లు నాకు ఇచ్చిందే.

మొన్న సిరిసిల్ల వెళ్లి సారును కలిశాను. వినికిడి తగ్గింది (లేదా తగ్గినట్టు నటిస్తున్నారు). నేను అడగాల్సింది అడిగితే ఆయన ఇంకో చాయ్ కావాలన్నారు. కాబట్టి ఇక్కడ రాస్తున్నాను, ఆయన కళ్లు ఇంకా బాగానే ఉన్నాయి: మీరు నన్ను వద్దన్న నాలుగు రోజులకే నా పేరు కోరుట్ల షాపాయన చెవిన వేసిందెవరు సార్? మీరేనా?