చరోదా గేటు దగ్గర ఒంటి సంఖ్య

మొన్న ఆదివారం చరోదా రైల్వే గేటు పడింది. స్కూటరు ఆపి, అలవాటు కొద్దీ వెనక్కి తిరిగి "ఏడుతో చూశావా?" అని అడిగేశాను. వెనక సీటు మీద కూరల సంచి ఉంది. పక్క ఆటోవాడు "క్యా హువా అంకుల్?" అన్నాడు. కూరల సంచి సర్దుతున్నట్టు నటించాను.

మా ఆవిడది శ్రీకాకుళం. నేను ఇక్కడే, ఈ హిందీ ఊళ్లో ఉక్కు కర్మాగారం క్వార్టర్లలో, సెక్టర్ నాలుగులో పుట్టి హిందీ బడిలో చదివినవాణ్ణి. ఆవిడకు ఎక్కాలు తెలుగులో వచ్చు, నాకు హిందీలో. ఆదివారాలు కుమ్హారిలో వాళ్లక్క ఇంటికి బయల్దేరితే ఈ గేటు ఏనాడూ తిన్నగా పోనివ్వలేదు. గూడ్సు డబ్బాల మీది నంబర్లలో చివరి ఆరంకెలు పట్టుకుని భాగించడం మా కాలక్షేపం. శేషం లేకుండా భాగించేవన్నీ ఆ సంఖ్యకు చుట్టాలు. ఏడు, పదమూడు, పందొమ్మిది ఆవిడ వాటా. పదకొండు, పదిహేడు నావి. ఒకటీ, తానూ తప్ప చుట్టాలే లేనిది ఒంటిది. అలా అని తేల్చాలంటే నిజానికి ఒక్కోసారి వెయ్యి దగ్గర దాకా చూడాలి. అంత ఓపిక ఎవరికుంది? గేటు లేచేలోపు చుట్టం దొరక్కపోతే అది ఒంటిదే. మా ఇంటి గణితం అది.

ఒకసారి 510510 వచ్చింది. రెండు, మూడు, ఐదు, ఏడు, పదకొండు, పదమూడు, పదిహేడు, అందరూ పెళ్లివారిలా దిగారు. ఆవిడ సంబరం చూడాలి! "మరి దాని పక్కింటిది?" అన్నాను. 510511. పక్కపక్క సంఖ్యలకు ఉమ్మడి చుట్టాలుండరు కాబట్టి ఆ ఏడుగురిలో ఒక్కరూ దీని గడప తొక్కరు. మా వాటాల్లో ఇక మిగిలింది పందొమ్మిది, ఆవిడది. అంతలో జామకాయల బండి వచ్చింది, గేటూ లేచింది. ఆవిడ భాగించి చూసిందనుకున్నాను. "పాపం, దీనికి ఎవులూ లేరండి" అంది, జామకాయ కొరుకుతూ.

చివరి రోజుల్లో ఆసుపత్రి మంచం మీద కూడా దాన్ని మరిచిపోలేదు. "బెంగెట్టుకోకండి. మీకు తోడు ఆ ఒంటిది ఉంది కదేటి" అని నవ్వింది. ఆవిడ పోయాక ఇంట్లో తెలుగు మాట్లాడే మనిషి లేదు. ఒక్కణ్ణీ అన్నం తింటూ, నాలాంటిది ఇంకొకటి ఉందిలే అనుకునేవాణ్ణి. నవ్వకండి, దానివల్ల నిజంగానే ధైర్యంగా ఉండేది.

మొన్న గూడ్సు ఎంతకీ కదల్లేదు. ఆవిడ వాటా కూడా ఇప్పుడు నేనే చెయ్యాలి కదా. ఊరికే, 510511ని పందొమ్మిదితో భాగించాను, హిందీలోనే. చివరికి నూట డెబ్బై ఒకటి మిగిలింది. తొమ్మిది పందొమ్మిదులు, శేషం సున్నా! ఇంటికొచ్చి కాగితం మీద చూస్తే తొంభై ఏడు, రెండు వందల డెబ్బై ఏడు కూడా బయటపడ్డాయి. దీని దుంపతెగ, ముగ్గురు చుట్టాలను పెట్టుకుని ఇన్నాళ్లూ నా పక్కన ఒంటిదానిలా కూర్చుందా!

"ఏమేవ్, దానికి చుట్టాలున్నారే!" అని వంటింట్లోకి వినబడేలా అరిచాను. అరిచాక గుర్తొచ్చింది, వంటింట్లో ఎవరూ లేరని. ఆ గేటు లేవడం లేదని ఎంత విసుక్కునేవాళ్లమో అప్పట్లో; ఇంకొక్క ఎక్కం చెప్పుకునేంత సేపు ఆగి ఉంటే కాలానికి ఏం పోయేది?