అంబులెన్సుకు రెండో బ్యాటరీ

అంబులెన్సు మీద హెచ్చరిక లైట్లు ఎలా బిగించాలో చెప్పే పుస్తకాలున్నాయి. నేను చదివాను. ఆ లైట్లను ప్రారంభోత్సవం నాడు ఎంతసేపు వెలగనివ్వాలో మాత్రం ఏ పుస్తకంలోనూ లేదు. మా వైపు కొత్తగా బండి కొంటే ఏం జరుగుతుందో అవి రాసినవాళ్ళకు తెలియదు. నాకు తెలుసు. తెలిసి కూడా తప్పు చేశాను. ఈ పని చేసే మరొకరికైనా పనికొస్తుందని ఇది రాసిపెడుతున్నాను.

నాది పదో తరగతి చదువు. ఆటోనగర్‌లో వైరింగ్ నేర్చుకుని గుణదలలో చిన్న షెడ్డు పెట్టుకున్నాను. మిగతా చదువంతా లైబ్రరీలోనే. డిక్షనరీ పక్కన పెట్టుకుని, బండ్ల కరెంటు పని మీద ఇంగ్లీషు పుస్తకాలు చదివేవాణ్ణి. ఒక పేజీకి ఒక పూట పట్టిన రోజులున్నాయి. అర్థమైనది నోటుబుక్కులో తెలుగులో రాసుకునేవాణ్ణి. "ఈ కుర్చీ మీద మీ పేరు రాయించెయ్యాలండీ" అని లైబ్రేరియన్ మేడమ్ నవ్వేవారు. నాకది సన్మానంలాగే ఉండేది.

హనుమాన్ జంక్షన్ నుంచి లోపలికి వెళితే వచ్చే ఒక ఊరివాళ్ళు పాత డీజిల్ వ్యాను కొని, అంబులెన్సుగా మార్చి, లైట్ల కోసం నా దగ్గరికి పంపారు. తెచ్చినాయన ఆ ఊరివాడే, బస్సు డ్రైవరుగా రిటైరైన మనిషి. ఒక్క పూటలోనే ఆయన నాకు బాబాయి అయిపోయాడు. పైన లైటు బారుతో పాటు ముందు గ్రిల్లులో కూడా రెండు చిన్న లైట్లు పెడతానన్నాను.

"నెత్తిన పెట్టాల్సింది మూతికి పెడతావేందిరా?"

"దగ్గరికెళ్ళాక ముందు కారోడి అద్దంలో మన నెత్తి కనపడదు బాబాయ్. మూతే కనపడుద్ది. పుస్తకంలో ఉంది."

ఆయన వెళ్ళి పక్కనున్న కారులో కూర్చుని అద్దంలోకి చూశాడు. "ఇన్నేళ్ళు అద్దాల్లో చూస్తానే బతికా. నాకు తట్టలేదు సుమా" అన్నాడు. ఆ మాటకు రెండు రోజులు నేలమీద నడవలేదు నేను.

నా నోటుబుక్కులో ఇంకో పేజీ ఉంది. లైట్లకు వేరే బ్యాటరీ ఉండాలి, ఇంజను స్టార్టు చేసే బ్యాటరీ మీద భారం వేయకూడదు అని. కింద రెండు గీతలు కూడా గీశాను. రెండో బ్యాటరీ పెట్టాలంటే సీటు కింద ట్రే వెల్డింగ్ చేయించాలి. ఇంకో రోజు పడుతుంది. ఊళ్ళో అప్పటికే ముహూర్తం పెట్టేశారు. ముందు పంతులుగారి పూజ, తర్వాత పాస్టరుగారి ప్రార్థన. రోజు మారిస్తే ఇద్దరికీ కుదరదన్నారు. సరేనని లైట్లను ఉన్న పాత బ్యాటరీకే కలిపాను. వారం తర్వాత తీసుకురండి అన్నాను.

నన్నూ పిలిచారు. వ్యానుకు పసుపు రాసి, బొట్లు పెట్టి, దండ వేశారు. ప్రార్థన అయ్యింది. ఉపన్యాసాలు మొదలయ్యాయి.

"ఆ ఇంజను ఆపండయ్యా, మైకు వినపడట్లా" అన్నారు ప్రెసిడెంటుగారు. "లైట్లు మాత్రం ఉండనియ్యండి, ఫోటోల్లో బాగుంటయ్."

ఇంజను ఆగితే లైట్లు బ్యాటరీని తాగేస్తాయని అప్పుడే లేచి చెప్పాల్సింది. రెండుసార్లు కుర్చీలో ముందుకు జరిగాను కూడా. కానీ ఊరు ఊరంతా నేను బిగించిన లైట్ల వంక చూస్తోంది. ఆపమనడానికి మనసొప్పలేదు.

ఐదో ఆయన మాట్లాడుతుండగా పొలం నుంచి ఒకాయన పరుగెత్తుకొచ్చాడు. మినుము పీకుతున్న ఒక పెద్దావిడను పాము కరిచింది. వెనకే నలుగురు ఆవిడను మంచం మీద మోసుకొచ్చారు. వ్యాను ఎక్కించాం. బాబాయి తాళం తిప్పాడు. టక్‌మని ఒక్క చప్పుడు, అంతే. పైన లైట్లు ఆరిపోయాయి.

బాబాయి నా వంక చూశాడు. మనిషిని పడుకోబెట్టి తీసుకెళ్ళడానికి పక్కన మరో బండి లేదు.

"తోద్దాం పట్టండి!" అని అరిచాను.

పంతులుగారు పంచె ఎగ్గట్టారు. పాస్టరుగారు బైబిలు కుర్చీలో పెట్టొచ్చారు. ఇస్త్రీ చొక్కాతో ప్రెసిడెంటుగారు నా భుజం పక్కనే ఉన్నారు. "ఇంకా గట్టిగా తొయ్యండి, ఇందాక మైకు పట్టుకున్నట్టు!" అని వెనక నుంచి ఎవరో ఆడమనిషి కేకేసింది. మూడోసారికి ఇంజను దగ్గింది, అందుకుంది. నేను పరుగెత్తి ముందు సీట్లోకి దూరాను.

దారంతా నాకు ఒకటే భయం. ఇంజను ఆగితే మళ్ళీ తోసేవాళ్ళు లేరు. వెనక ఆవిడ మూలుగు వినపడుతోంది. జంక్షన్ దగ్గర బండ్లు బారుగా ఆగి ఉన్నాయి. బాబాయి యాక్సిలరేటరు మీద నుంచి కాలు తీయకుండా, "ఇప్పుడు వెయ్యరా నీ మూతిలైట్లు" అన్నాడు. వేశాను. ఇంజను నడుస్తోంది కాబట్టి వెలిగాయి. మా ముందున్న కారతను అద్దంలోకి చూసి పక్కకు జరిగాడు. అతని ముందువాడూ జరిగాడు. మేం ఎక్కడా ఆగలేదు.

ఆసుపత్రిలో సూది మందు పడింది. సాయంత్రానికి ఆవిడ టీ అడిగిందని తెలిశాక, నేను వ్యాను వెనక్కి వెళ్ళి నిలబడ్డాను. తలుపు మీద బొట్లన్నీ చెదిరి, పసుపు నిండా అరచేతుల ముద్రలున్నాయి. ఏది ఎవరిదో చెప్పలేం.

మర్నాడే ట్రే వెల్డింగ్ చేయించి, రెండో బ్యాటరీ బిగించాను. ఇప్పుడు ఏ ఊరి బండి వచ్చినా, అది పెట్టందే తాళం ఇవ్వను. ముహూర్తం మార్చుకోండి అంటాను. మార్చుకుంటున్నారు కూడా.

కృతజ్ఞతలు పేరుపేరునా చెప్పాలి. పేర్లు రాయొద్దని అందరూ అన్నారు. కాబట్టి, కుర్చీ ఇచ్చిన లైబ్రేరియన్ మేడమ్‌కు, నన్ను ఒక్క మాట కూడా అనని డ్రైవరు బాబాయికి, వ్యాను తోసిన పంతులుగారికి, పాస్టరుగారికి, ప్రెసిడెంటుగారికి, కేకేసిన ఆవిడకు, దారి ఇచ్చిన కారతనికి నమస్కారాలు. చివరిగా ఆ పెద్దావిడకు. ఆమె ఈ ఏడు కూడా మినుముకు వెళ్ళింది. నేను కనబడితే అడిగింది: "ఆ లైట్లు పెట్టింది నువ్వేగా? మీటింగుల్లో వెయ్యమాక నాయనా, రోడ్డు మీద వెయ్యి."