ఆర్లిస్ ఇంటికప్పు మీది మంచు

అమెరికా ఉత్తరాన, ఆర్నెల్లు మంచుండే మా డులూత్‌లో ఇళ్లు ఏప్రిల్ దాటాక అమ్ముడుపోతాయి. అమ్మేవాళ్లు మార్చిలో మేలుకుంటారు. ఎదురింటి ఆర్లిస్ లిండ్‌గ్రెన్ మాత్రం నవంబరులోనే మొదలుపెట్టింది. ముప్ఫై ఏళ్లు స్కూలు బస్సు నడిపిన మనిషి. ఏ స్టాపుకైనా ఐదు నిమిషాలు ముందే వచ్చి హారను కొట్టేది. కోటు ఒక చేతికే తొడుక్కుని పరుగెత్తిన పిల్లలు మా వీధిలో ఇప్పటికీ ఉన్నారు.

ఈసారి తొందరకు కారణం ఉంది. చెల్లెలి పక్క అపార్ట్‌మెంటు ఖాళీ అయింది. మెట్లు ఎక్కే పని లేదు. బట్టలు ఉతకడానికి నేలమాళిగలోకి పదమూడు మెట్లు దిగుతూ మోకాళ్లు అరగదీసుకున్న ఆర్లిస్‌కు అది స్వర్గం. ఏప్రిల్ నెలాఖరులోగా ఇల్లమ్మి డబ్బు కడితే ఆమెది. లేకపోతే తర్వాత పేరు రాయించుకున్నవాళ్లది.

ఇల్లు అమ్మిపెట్టే నోరీన్ వచ్చి, కాస్త శుభ్రంగా ఉంచితే చాలని చెప్పి వెళ్లింది. ఆ మాట ఆర్లిస్‌తో అనకూడదు. వంటగదికి మరక పడుతుందని ఆవిడ గరాజులో కోటు వేసుకుని శాండ్‌విచ్ తినసాగింది. ఫిబ్రవరిలో అమ్మకానికని బోర్డు పెట్టారు. దారిలో మంచు అందరూ ఎత్తుతారు. ఆవిడ పొడుగు పార పుచ్చుకుని కప్పు మీది మంచు కూడా లాగేసింది. వీధంతా తెల్లటి కప్పులు, మధ్యలో ఆవిడది నల్లగా.

మూడు శనివారాలు కార్లు వచ్చి ఆగాయి. లోపలివాళ్లు పైకి చూసి, దిగకుండానే వెళ్లిపోయారు. తలుపు రంగు నచ్చలేదేమోనని ఆర్లిస్ మళ్లీ వేసింది.

చివరికి పక్కింటి వెర్న్ కలగజేసుకున్నాడు. ఉద్యోగమంతా ఇళ్లలో హీటర్లు బాగుచేసినవాడు.

“ఏమ్మా ఆర్లిస్, అటక మీద పొయ్యి గానీ పెట్టావా?”

“పొద్దున్నే ఏంటి నీ గోల?”

“ఊరంతా మంచుంటే నీ కప్పు మీద లేదు. వేడంతా పైకి పోయి కరిగిపోతోందనుకోరూ? ఈ ఇల్లు కొంటే గ్యాసు బిల్లుకే జీతం చాలదని పారిపోతున్నారు.”

“కరగలేదయ్యా. నేనే లాగేశా.”

“నాకు తెలుసు. కార్లో వచ్చినవాడికెలా తెలుస్తుంది? బోర్డు మీద రాయించు.”

ఆ ఇల్లు కొన్న చలికాలం ఆర్లిస్ కూడా ముందు కప్పే చూసింది.

ఇక మంచు పడాలి. పన్నెండు రోజులు ఆకాశం నీలంగా వెక్కిరించింది. మార్చి తొమ్మిదిన అడుగున్నర పడింది. దాన్ని ముట్టుకోకుండా ఉండటం ఆవిడకు పెద్ద పరీక్ష. చూరు దగ్గర కాస్త వంకరగా ఉందని రెండుసార్లు పార తీసింది. రెండోసారి వెర్న్ దాన్ని లాక్కెళ్లి తన షెడ్డులో పెట్టి తాళం వేశాడు.

శనివారం ఒక నర్సూ, ఆమె భర్తా వచ్చారు. అతను కప్పు కేసి చూసి తలూపాడు.

“మంచు ఇంత నిలిచిందంటే ఇల్లు గట్టిదే. లోపల చూడకపోయినా ఫర్వాలేదండీ,” అన్నాడు.

ఆర్లిస్ ఒప్పుకోలేదు. ఇద్దర్నీ వంటగదిలోకి నడిపించి డ్రాయర్లన్నీ తెరిచి చూపించింది. నర్సు మర్యాదగా అన్నీ చూసి, ఈ వంటగదంతా పడగొట్టి కొత్తది కట్టించుకుంటామని చెప్పింది.

సాయంత్రానికి వాళ్ల బేరం కాగితాలు నోరీన్ తెచ్చింది. ఏప్రిల్ పదిహేడుకల్లా డబ్బు చేతికొస్తుంది. ఆర్లిస్ సంతకం చేసింది గానీ, చేస్తున్నంతసేపూ వాళ్లకు మంచి వంటగది విలువ తెలీదని గొణుగుతూనే ఉంది.