ఊపిరి బిగబట్టకుండా ఎత్తిన గంప

మేనకోడలి పెళ్లి ఖాయమైందని ఫోన్ వచ్చినప్పుడు మా ఆయన స్నానాలగదిలో ప్యాడ్ మార్చుకుంటున్నాడు. నేను తలుపు బయట నుంచే ఆ కబురు చెప్పాను. లోపల నుంచి గొంతు వచ్చింది.

"మరి గంప ఎవరెత్తాలె?"

మా వైపు పెళ్లికూతుర్ని వెదురు గంపలో కూర్చోబెట్టి మేనమామ మండపానికి తెస్తాడు. ఒక పక్క మేనమామ పట్టుకుంటే, రెండో పక్క వరుసైనవాళ్లు ఇద్దరు పట్టుకుంటారు. ఆ పిల్లకు సొంత మేనమామ ఈయన ఒక్కడే. పుట్టువెంట్రుకలు తీయించింది ఈయన ఒడిలోనే, చెవులు కుట్టించిందీ ఈయన ఒడిలోనే. ఇప్పుడు గంప దగ్గర ఇంకొకరు నిలబడతారంటే ఆ మనిషికి అన్నం ఎట్లా దిగుతుంది?

అప్పటికి ఆపరేషన్ అయి రెండు నెలలు దాటింది. ప్రోస్టేట్‌లో క్యాన్సర్ మొదట్లోనే బయటపడటంతో హైదరాబాదులో రోబోతో ఆ గ్రంథిని తీసేశారు. చూడవచ్చిన చుట్టాలంతా మరమనిషి ఒక్కడే లోపలికి పోయి, తలుపేసుకొని కోశాడనుకునేవాళ్లు. కాదమ్మా, డాక్టరే కూర్చొని ఆ సన్నటి చేతుల్ని నడిపిస్తాడని చెప్పీ చెప్పీ నా నోరు నొచ్చింది. జబ్బు పోయింది, కుట్లు మానాయి. కానీ లేస్తే చుక్క, దగ్గితే చుక్క, నవ్వితే ఇంకాస్త. మూత్రాన్ని పట్టి ఉంచే కండరాన్ని కాపాడామనీ, దాన్ని మళ్లీ పనిలో పెట్టేది మాత్రం మీ కసరత్తేననీ డాక్టరు ముందే చెప్పి పంపాడు.

కసరత్తుకు మా ఆయన వెనక్కి తగ్గే మనిషా! మీసం రాని వయసు నుంచి తాండూరు బండలు లారీలకెత్తాడు. తర్వాత పాలిష్ మిషన్ల దగ్గర మేస్త్రీ అయ్యాడు. పొద్దున లేస్తూనే వెల్లకిలా పడుకొని, మోకాళ్లు ముడిచి, పళ్లు బిగించి చేసేవాడు. మెడ నరాలు తాళ్లలా తేలేవి. ముఖం కందిపోయేది. డాక్టరు చెప్పినదానికన్నా ఎక్కువే చేస్తున్నానని నాతో గొప్పగా చెప్పేవాడు. ప్యాడ్లు మాత్రం తగ్గలేదు. మధ్యాహ్నమయ్యేసరికి తడి ఇంకా ఎక్కువయ్యేది.

పెళ్లి పనులు మాట్లాడటానికి పెద్దేముల్ నుంచి పెళ్లికూతురి తల్లి, మా ఆడబిడ్డ వచ్చింది. ఆమె నోరు ఆమెకే చెల్లు.

"అన్నా, రోబోతోని కోయించుకున్నవ్ గదా. గంప గూడ దాంతోనే ఎత్తియ్యరాదు?"

"నీ నోటికి కుట్లు పడాలంటె ఒక్క రోబో సాలదు చెల్లె!"

ఇద్దరూ పగలబడి నవ్వారు. నవ్వుతూనే ఈయన తటాలున కాళ్లు దగ్గరకు తీసుకొని లేచి లోపలికి వెళ్లాడు. ఆడబిడ్డ నవ్వు ఆగిపోయింది. నా చెయ్యి పట్టుకొని మెల్లగా అడిగింది.

"వదినా, అన్నకు కష్టమైతె చెప్పు. పెద్దనాయిన కొడుకుతోని ఎత్తిపిస్త. తెల్ల ధోతి మీద... నలుగుట్ల అన్నకు చిన్నతనం గావొద్దు."

"ఎవ్వరికీ చెప్పకు. మీ అన్ననే ఎత్తుతడు," అన్నాను.

అన్నానే గానీ, ఎట్లా ఎత్తుతాడో నాకూ తెలియదు.

ఆ వారమే వికారాబాదులో ఇట్లాంటి కసరత్తులు నేర్పే ఫిజియోథెరపీ అమ్మాయి దగ్గరికి తీసుకెళ్లాను. బస్సు వద్దన్నాడు. రైల్లో అయితే మరుగుదొడ్డి ఉంటుంది. కిటికీ పక్కన సీటు ఖాళీగా ఉన్నా వదిలేసి, ఆ తలుపుకు దగ్గర్లో కూర్చున్నాడు.

ఆ అమ్మాయి అంతా విని, "ఒకసారి చేసి చూపించండి అంకుల్," అంది. ఈయన బల్ల మీద పడుకొని తన ప్రతాపమంతా చూపించాడు. ఆమె పొట్ట మీద చెయ్యి పెట్టి చూసింది.

"అంకుల్, ఊపిరి ఎందుకు బిగబట్టిండ్రు?"

"దమ్ము బట్టకుంటె లేస్తదా బిడ్డా?"

"ఏం లేస్తది?"

"బండ!"

ఆమె నోటికి చెయ్యి అడ్డం పెట్టుకొని నవ్వింది. తర్వాత కుర్చీ దగ్గరికి లాక్కొని విడమర్చి చెప్పింది. బండ ఎత్తేవాడు ఊపిరి బిగబట్టి పొట్టను కిందికి తోస్తాడు. ఆ బరువంతా పోయి, ఇప్పుడిప్పుడే కోలుకుంటున్న కండరం మీదే పడుతుంది. ఇక్కడ చేయాల్సింది తోయడం కాదు. గ్యాస్ బయటికి రాకుండా ఆపుకున్నట్టు లోపలికి, పైకి లాగాలి. పొట్ట మెత్తగా ఉండాలి, పిరుదులు బిగించకూడదు. కాసేపు పట్టి, పూర్తిగా వదలాలి. వదలడం కూడా కసరత్తే. లేచే ముందు, దగ్గే ముందు ఒకసారి అట్లా లాగి పట్టుకోవాలి.

"మరి దమ్ము?"

"మాట్లాడుకుంట చెయ్యండి అంకుల్. మాట్లాడేటోళ్లు దమ్ము బట్టలేరు."

రైల్లో తాండూరుకు తిరిగి వస్తుంటే, "ఇన్నేండ్ల సంది దమ్ము బట్టుడే బలమనుకున్ననే," అన్నాడు.

మర్నాటి నుంచి మా ఇల్లు సంత అయింది. కండరం లాగి పట్టుకొని కందుల ధర చెప్పేవాడు, వదిలి నా పప్పులో ఉప్పు సంగతి చెప్పేవాడు. నేను వంటింట్లో చెవి ఒగ్గి ఉండేదాన్ని.

"ఏమయ్యా, మాట బంద్ అయింది!"

"జర ఆలోచన జేస్తున్ననే!"

"ఆలోచన గాదు. దమ్ము బట్టినవ్."

"నీతోని పరేషాన్ గదనే!" అని మళ్లీ మొదలుపెట్టేవాడు.

తడి ఒక్కసారిగా ఏమీ పోలేదు. మెల్లమెల్లగా తగ్గింది. ముందు పొద్దుటి పూట పొడిగా ఉండటం మొదలైంది, తర్వాత మధ్యాహ్నం దాకా. ఒకరోజు వికారాబాదుకు ఒక్కడే వెళ్లి, బస్సులో కిటికీ పక్కన కూర్చొని వచ్చాడు. దిగుతూనే ఆ సంగతి చెప్పాడు. గంప ఎత్తవచ్చా అని డాక్టరునూ, ఆ అమ్మాయినీ ఇద్దర్నీ అడిగాం. రెండో పక్క గట్టివాళ్లు ఉండాలనీ, ఊపిరి వదులుతూ ఎత్తాలనీ చెప్పారు. ఇంట్లో కందుల మూటతో సాధన చేశాం. మొదటిసారి పాత అలవాటు కొద్దీ బిగబట్టాడు, తడిసింది. తర్వాత నన్ను తిట్టుకుంటూ ఎత్తాడు, తడవలేదు.

పెళ్లి రోజు తెల్ల ధోతి కట్టాడు. లోపల పలచని ప్యాడ్ ఉంది, అది మా ఇద్దరికే తెలుసు. ఫంక్షన్ హాల్లో మేళం మోగుతోంది. మేనకోడలు గంపలో కూర్చుంది. ఈయన వంగి గంప అంచు పట్టుకున్నాడు. పెదవులు బిగుసుకున్నాయి.

"ఏమయ్యా!" అన్నాను వెనక నుంచి.

పెదవులు విడిపోయాయి.

"ఏం కోడలా, గింత బరువున్నవ్! మీ అమ్మ పప్పు పెట్టి పెంచిందా, బండలు పెట్టి పెంచిందా?"

గంప లేచింది. జనం గొల్లున నవ్వారు. కొబ్బరిబోండం పట్టుకున్న పిల్ల ముఖం సిగ్గుతో ఎర్రబడింది.

"మామా, ఊకో! వీడియో తీస్తున్నరు!"

"నేను ఊకుంటె నువ్వు కింద పడ్తవ్!"

నడుస్తూ పెళ్లికొడుకు మీసం గురించి మాట్లాడాడు. మెట్లెక్కుతూ ఆ పిల్ల చిన్నప్పుడు ఎవరి ఒడి తడిపిందో చెప్పాడు. పంతులుగారు ముఖం చిట్లించుకున్నా మానలేదు. గంపను మండపం మీద దించి, నడుం నిటారు చేసుకొని, పక్క గదిలోకి వెళ్లి వచ్చాడు. నేను తలుపు దగ్గరే ఉన్నాను.

"చూసినవా?" అని అడిగాను.

"చూసిన. పొద్దుగాల కట్టినట్టే పొడిగ ఉన్నది."

ఆ మాట చెప్పి, తువ్వాలు భుజాన వేసుకొని, మజ్జిగ ఎక్కడ పోస్తున్నారో కనుక్కోవడానికి వెళ్లాడు. పొద్దుటి నుంచి గుక్కెడు గుక్కెడే తాగిన మనిషి రెండు గ్లాసులు తాగాడు.

అంతలో ఆడబిడ్డ చెమట తుడుచుకుంటూ నా దగ్గరికి వచ్చింది.

"వదినా, మండపం దాక నీ మొగడు నోరు మూయలే! మంత్రాలు గూడ వినవడలే. జర నువ్వన్న చెప్పరాదు?"

"చెప్ప. మాట్లాడనియ్యి," అన్నాను.