నిండు బానలో నీళ్లు లేవన్నారు

దెయ్యాలు, గాలి సోకడాలు నేను నమ్మను. మా ఆయన పోయినాక ఒక్కదాన్నే చేన్లో కాపలా పండుకున్నదాన్ని. నా కంటికి నక్కలు, అడవిపందులు తప్ప ఏమీ కనపడలేదు. చదివింది మూడో తరగతే అయినా, చూసింది చూసినట్లు చెప్పడం నాకు తెలుసు. ఇది అట్లే రాస్తాండాను.

మాది రాప్తాడు దగ్గర పల్లె. రెండువేల మూడో, నాలుగో. వరసగా వానలు ఎగ్గొట్టిన కాలం. నా కొడుకు ఓబులేసు ట్రాక్టరు తోలేవాడు. నడుంనొప్పికి అంగట్లో బిళ్లలు కొని మింగి మింగి, కాళ్లు ఉబ్బినా, ఒంటేలు నురగ వచ్చినా ఎవరికీ చెప్పలేదు. చెప్పేసరికి రెండు కిడ్నీలూ పోయినాయి. నొప్పి బిళ్లలు శెనగలు కావు, బొక్కడానికి. ఇది చదివేవాళ్లు కాళ్లు ఉబ్బితే ముందు ఒంటేలు పరీక్ష చేయించుకోండి.

వారానికి రెండు తూర్లు అనంతపురం పోయి డయాలిసిస్ చేయించాల. నాకు కుదరని పొద్దు వీధిలో ఎవరో ఒకరు కూలి మానుకొని వాని వెంట పోయేవాళ్లు. అంతకంటే పెద్ద సాయం ఇంకోటి చేసినారు. వాడు అడిగితే నీళ్లు ఇయ్యలేదు. తాగిన నీళ్లు బయటికి పోక ఊపిరితిత్తుల్లో చేరతాయని డాక్టరు చెప్పినాడు. రోజుకు చిన్న చెంబుడే. అందుకని నేనే ఇల్లిల్లూ తిరిగి ఇయ్యొద్దని చెప్పొచ్చినా.

మూలింటి తిప్పన్న మొగం మీదే అడిగినాడు. "ఏమ్మా, పగోడు వాకిట్లోకొచ్చినా చెంబు నీళ్లిస్తామే. కన్నకొడుక్కు ఇయ్యొద్దంటావా? నీది గుండెనా, గుండురాయా?"

"గుండురాయే అనుకో అన్నా. వాడు బతికుంటే నాకు చాలు."

ఆ ఎండాకాలం బంద్ అని రెండు దినాలు బస్సులు తిరగలేదు. డయాలిసిస్ తప్పింది. రెండో దినం మధ్యాహ్నానికి వాని మొగం ఉబ్బింది. పండుకోడు, కూర్చోడు, లేస్తాడు, మళ్లీ కూర్చుంటాడు. పెదాలు తడుపుకుంటానే ఉన్నాడు. అప్పుడే నీళ్ల ట్యాంకరు వచ్చింది. పట్టుకోకపోతే మళ్లా ఎప్పుడొస్తుందో తెలీదు. వంటింట్లో బాన పొద్దున్నే నేను నిండా పోసి మూత పెట్టింటి. వానికి కదిలే ఓపిక లేదులే అనుకొని బిందె తీసుకొని పోయినా.

నేను పోతానే వాడు లేసి వీధిలోకి పోయినాడు. మూడిండ్లలో అడిగినాడంట. ఎవరూ ఇయ్యలేదు. తిప్పన్న తలుపేసుకొని లోపల ఏడ్చినాడని వాళ్ల కోడలు తర్వాత చెప్పింది. వాడు మళ్లీ ఇంటికి తిరుక్కుంటే, బానలో నీళ్లు తాగుతాడేమోనని ఎదురింటి నాగలక్ష్మికి అనుమానమొచ్చి వాని వెనకే మా ఇంట్లోకి పోయింది.

ఆడ జరిగింది ఆమె చెప్పిందే. వాడు మూత తీసి బానలో చెంబు ముంచినాడు. చెంబు అడుగుమట్టికి బరబరా గీసుకునింది. చెయ్యి లోపలికి పెట్టి తడిమినాడు. ఆమె కూడా తొంగి చూసింది. చుక్క లేదు. అడుగంతా ఎండిపోయి దుమ్ము.

నేను వచ్చేసరికి వాడు బాన పక్కన కూలబడి ఆయాసపడతాండాడు. "ఏమ్మా, ఒక్క చుక్కయినా మిగల్చలేదే," అన్నాడు.

అన్నీ తాగేసినాడేమోనని నా పానం పోయినంత పనైంది. బానలోకి చూసినా. మెడదాకా నీళ్లు. పొద్దున పోసినవి పోసినట్లే ఉన్నాయి. చెంబు చూస్తే పొడి. వాని చెయ్యి చూస్తే మోచేతిదాకా ఎర్రదుమ్ము, తడి అనేదే లేదు.

"నువ్వేమన్నా పోసినావా?" అని నాగలక్ష్మిని అడిగినా.

"యాడినుంచి పోద్దును అత్తా? మా ఇంట్లోనే లేవు," అని గోడకు అతుక్కుపోయింది.

ఆలోచించే పొద్దు కాదు అది. తిప్పన్న పరిగెత్తి చెనిక్కాయల టెంపో పిలుచుకొచ్చినాడు. వీధివాళ్లంతా చెయ్యేసి ఎక్కించినారు. ఇంకో చెంబు తాగింటే ఈడిదాకా వచ్చేవాడు కాదని డాక్టరు చెప్పినాడు. నా కొడుకు బతికినాడు.

రక్తంలో చెడు చేరితే ఉన్నది లేనట్లు కనపడుతుందని కూడా డాక్టరే అన్నాడు. సరే, వానికి కనపడింది. నాగలక్ష్మికి ఏ జబ్బూ లేదే? ఆమెకెట్ల కనపడింది? ఊర్లో కొందరు అమ్మవారన్నారు, కొందరు మా ఆయనన్నారు. నేను దేనికీ తల ఊపలేదు.

ఆ నీళ్లు పారబోయమని నాగలక్ష్మి ఒకటే పోరు. కరువులో నీళ్లు పారబోసే చెయ్యి కాదు నాది. ఆసుపత్రి నుంచి వచ్చినాక చెంబు ముంచి తాగినా. చల్లగా ఉన్నాయి. మామూలు నీళ్లే. అందుకే నాకు ఈ పొద్దుటికీ అంతుపట్టదు.